మూడెత్తుల్లో ఆటకట్టు

యెరెవాన్ రైల్వే స్టేషన్ ఎదుట కాఫీ తాగుతున్న విదేశీ ముఠా కొరియర్, నాలుగున్నరకి కప్పు మీదికే ఒరిగిపోయాడు. సైలెన్సర్ తుపాకీ. జేబులో దొరికింది ఒక్కటే: పత్రికలోంచి కత్తిరించిన చదరంగం పజిల్. మూడెత్తుల్లో ఆటకట్టు.

"స్టేషన్లో అరవై నాలుగు లాకర్లు. ఎ నుంచి హెచ్ దాకా వరుసలు, వరుసకి ఎనిమిది," అన్నాడు కర్నల్ హ్రాంత్. "ఒకదాంట్లో బాంబని మన గూఢచారి కబురు. టైమ్ అయిదు. తప్పు లాకర్ తెరిచినా పేలుద్ది. గెలిచే మొదటి ఎత్తు ఏ గడిలో పడితే అదే లాకర్. నాకు ఆట రాదు. నీకు?"

"అంతంత మాత్రం," అన్నాడు ఏజెంట్ వహ్రామ్.

"ఊరంతా చదరంగం ఆడుతుంది, రానిది మనిద్దరికేనా!"

వహ్రామ్ పజిల్ తీసుకుని చెస్ హౌస్‌కి పరుగెత్తాడు. అక్కడి కోచ్ షూషానిక్ అతని ఇన్ఫార్మర్, ఒకప్పటి ఛాంపియన్, చూపు తిప్పుకోనివ్వని అందగత్తె. మేడమీది గదిలోకి రానిచ్చి తలుపు తాళం వేసింది. చేతిలో పిస్టల్.

"అయిదు దాకా నిన్ను కదలనివ్వొద్దన్నారు ముఠావాళ్ళు, వహ్రామ్ జాన్," అంది, 'ప్రాణమా' అనే ఆ ఊరి పిలుపుతో. "ఎందుకో నాకు చెప్పలేదు."

కిటికీకి ఊచలు. గోడ గడియారం నాలుగూ యాభై ఒకటి. స్టేషన్లో నాలుగు వందల మంది. జేబులోని సిగరెట్ కేస్ ట్రాన్స్‌మిటర్ ఆన్‌లోనే ఉంది, లాకర్ల దగ్గర కర్నల్ వింటున్నాడు. కానీ ఏం చెప్పాలి?

"ఊరికే కూర్చోలేను," అంటూ పజిల్ చూసి పావులు పేర్చాడు. అర్థం కాలేదు. నాలుగూ యాభై ఆరు. చివరికి ఏనుగుని పక్కకి జరిపాడు.

షూషానిక్ మొహం చిట్లించింది. "ఏంటది?"

"గెలిచే ఎత్తు."

"నీ మొహం! రాజు ఒక్క ఎత్తులో తప్పుకుంటాడు."

"తప్పుకోలేడు. పందెం?"

ఆ ఊళ్ళో తప్పెత్తు చూసి నోరు మూసుకున్నవాడు లేడు. ఆమె పిస్టల్ బల్లమీద పెట్టి, రెండు చేతులా పావులు సర్దింది.

"మొద్దూ, ముందు మంత్రి! హెచ్-ఏడులో బంటుని కొట్టి బలైపోతుంది. రాజు మంత్రిని తినక తప్పదు. అప్పుడు ఏనుగు చెక్, రాజు వెనక్కి, మళ్ళీ ఏనుగు. గుర్రం అటు కాపు కాస్తోంది, ఎటూ పోలేడు. ఆటకట్టు!"

తలెత్తేసరికి పిస్టల్ వహ్రామ్ చేతిలో ఉంది.

గడియారం అయిదు కొట్టింది. ఊరు చెక్కుచెదరలేదు. సిగరెట్ కేస్ గరగరలాడింది.

"హెచ్-ఏడే! నాలుగు సెకన్లుండగా వైరు తెంపారు," కర్నల్ రొప్పుతున్నాడు. "అయినా వహ్రామ్, ముందు ఏనుగు కదిపితే ఏమయ్యేది?"

చేతులు పైకెత్తి నిలబడ్డ షూషానిక్ నిట్టూర్చింది. "నన్ను జైలుకి తీసుకెళ్ళు జాన్. ఆయనకి మాత్రం నేర్పలేను."