శుక్రవారం ఆపిన సర్వర్

గరికపాడు చెక్‌పోస్టు దగ్గర డాబా వెనక లారీ డ్రైవర్ శవం దొరికింది. లారీ మాయమైంది. మర్నాడే గూఢచారి భవానీప్రసాద్‌కు పిలుపొచ్చింది.

"రాకెట్ ఇంధనం మోసే లారీ ఎక్కడుందో శత్రువులకు తెలిసిపోతోంది," అన్నాడు చీఫ్. "జగ్గయ్యపేటలో వాసవాంబగారి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు. లారీల జీపీఎస్ అంతా అక్కడి విండోస్ సర్వర్‌కే వస్తుంది. నువ్వు మెయింటెనెన్స్ ఇంజినీర్ వేషంలో వెళ్ళు. శుక్రవారం సాయంత్రం రత్తయ్య ఇంకో లారీ తెస్తాడు. కీసర దగ్గర దారికాస్తారని కబురుంది, అక్కడ పోలీసుల్ని పెడుతున్నాను. ఎవరు చూస్తున్నారో పట్టుకుని, అప్పుడు సర్వర్ ఆపు. జీపీఎస్ పెట్టె మీద లైటు ఆరగానే రత్తయ్య నందిగామలో దారి మారుస్తాడు."

"లోపల మనవాళ్ళెవరు?"

"యామిని."

ప్రసాద్ గతుక్కుమన్నాడు. ట్రైనింగ్‌లో పెళ్ళిమాట దాకా వచ్చి మొహం చాటేసిన మనిషి. ఆ మంట ఇంకా చల్లారలేదు.

శుక్రవారం సాయంత్రం స్క్రూడ్రైవర్ల సంచీతో, వాసవాంబ ఇంటి ముందుగదిలోనే ఉన్న ఆఫీసులో దిగాడు. సర్వర్‌కు పసుపూ కుంకుమబొట్టూ పెట్టి ఉన్నాయి. పక్కనే పట్టుచీరలో యామిని, సెంటు ఘుమఘుమలాడుతోంది.

"మిర్చి తేజాయేనా?" అడిగాడు.

"తొడిమ తీస్తే చెప్తా." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "సర్వర్ స్లో అయిందంతే. టెంప్ ఫైల్స్ తీసేసి వెళ్ళిపో. ఆపడాలూ రీస్టార్టులూ వద్దు."

టాస్క్ మేనేజర్ తెరిచాడు. డిస్క్ క్లీనప్ అప్పటికే నడుస్తోంది. చెత్త ఊడ్చే ప్రోగ్రామ్‌కు ఇంటర్నెట్‌తో పనేమిటి? ఇదేమో ఎడతెగకుండా బయటికి ఏదో పంపుతోంది. ఎండ్ టాస్క్ కొట్టాడు. మళ్ళీ లేచింది. దాన్ని పెట్టినవాళ్ళ లాగిన్ చూశాడు. యామినిదే.

తెరమీద రత్తయ్య లారీ నందిగామ చేరింది. ఊరు దాటితే కీసర. అక్కడ చావు కాచుకుని ఉంది.

"అమ్మగారూ, సర్వర్ ఆపాలి!"

వాసవాంబ హారతిపళ్ళెంతో గడపలోకొచ్చింది. "శుక్రవారం, దీపం పెట్టిన వేళ ఆపడమా? లక్ష్మి వెళ్ళిపోదూ! రేపు చూసుకో బాబూ."

"నేనూ అదే చెప్తున్నానండి పిన్నిగారూ," అంది యామిని ముద్దుముద్దుగా.

మొదటి లారీ పోయిందీ శుక్రవారమే. ఆ పూట ఈ ఇంట్లో స్విచ్చి ఎవరూ ముట్టుకోరని కనిపెట్టి మరీ ముహూర్తం పెట్టారు. పైట చాటు నుంచి పిస్టల్ అతని డొక్కలో గుచ్చుకుంది.

"మౌస్ వదిలెయ్, ప్రసాద్."

వదిలేశాడు. కాలితో మాత్రం యూపీఎస్ వైరు తన్నాడు. సర్వర్ చచ్చింది. వాసవాంబ కెవ్వుమంది. యామిని అటు తిరగగానే మణికట్టు మెలిపెట్టి పిస్టల్ లాక్కున్నాడు.

కాసేపటికి ఫోన్ వచ్చింది. రత్తయ్య చందర్లపాడు రోడ్డెక్కి ప్రాణాలతో బయటపడ్డాడు. కీసర దగ్గర కాచుకున్న ముఠా మొత్తం పోలీసులకు దొరికింది.

సంకెళ్ళు వేస్తుంటే యామిని నవ్వింది. "నేను దూరిన కంతను పూడ్చే ప్యాచ్ రెండేళ్ళ కిందటే వచ్చింది. పెట్టనిమ్మని ఇక్కడివాళ్ళు మీ ఆఫీసుకి రాశారు. సంతకం పెట్టడానికి మీ చీఫ్‌కి తీరిక లేదు."

ముందు పోయిన డ్రైవర్ బతకాల్సిన మనిషి. ప్రసాద్ ఆ మాటే ఫోన్‌లో చీఫ్‌ను అడిగేశాడు.

"ప్యాచ్ ఊసెత్తకు. కరెంటు పోయి సర్వర్ ఆగిందని రాసెయ్."

వాసవాంబ ఆగిన సర్వర్ ముందు మళ్ళీ దీపం వెలిగించింది. "మళ్ళీ మా గుమ్మం తొక్కకు నాయనా!"

తలొంచుకుని సంచీ సర్దుకున్నాడు. సర్కారు రికార్డుల్లో ఆ సాయంత్రం దేశాన్ని కాపాడిన ఘనత కరెంటు కోతదే.