ప్రతి కుర్చీలోనూ కూర్చున్న పిల్ల

కుళాయి దగ్గర పక్కింటి పిన్ని అందట: "కుర్చీల షెడ్డుకి ఇన్‌స్పెక్షన్‌కని ఒక పిల్ల వస్తుంది చూడు, ఉన్న ప్రతి కుర్చీలోనూ కూర్చుంటుందట. గుక్కెడు మంచినీళ్ళు తాగవే అంటే మాత్రం తాగదట. వాళ్ళ గ్లాసులకేం అంటుకుందో!"

ఆ మాట ఆ నోటా ఈ నోటా తిరిగి, సాయంత్రానికి షెడ్డు యజమానురాలి చెవిన పడింది. అసలే ఆమెకి కడుపులో రగులుతున్న సంగతి అది.

"నేనేమన్నా విషం కలిపానట్రా? ఈ ఒక్క ఆర్డరూ పంపేసి, ఆ పైదేశం వాళ్ళకో దణ్ణం పెట్టెయ్. మన నీళ్ళు ముట్టనివాళ్ళతో మనకి బేరమేంటి?" అంది కొడుకుతో.

కొడుక్కి ఆ మాట నచ్చలేదు. షెడ్డుకి వచ్చిన మొదటి విదేశీ ఆర్డరు. అది నిలబడితే వడ్రంగులందరికీ ఏడాది పొడుగునా పని. ఆగిపోతే పని పోతుంది, ఆ పిల్ల రాకా పోతుంది. రెండింట్లో ఏది ఎక్కువ గుచ్చుకుంటోందో అతను తేల్చుకోదలచుకోలేదు.

మర్నాడు ఆ ఇన్‌స్పెక్షన్ పిల్ల వచ్చింది. ఒక్కో కుర్చీలో కూర్చుని అటూ ఇటూ ఊగి, లేచి కాళ్ళు తడిమి చూసింది.

"ఇది పాస్. ఇదీ పాస్. ఇది పక్కన పెట్టండి."

"ఎందుకండీ?"

"ఊగుతోంది."

"నేల ఎగుడుదిగుడండీ."

"మిగతా కుర్చీలకి మీ నేల బాగానే ఉందే!"

పనివాళ్ళు కిసుక్కున నవ్వారు. నాలుగు కుర్చీలు గోడవారకి చేరాయి. అతనికి ఒళ్ళు మండాలి. మండలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

"ఇంతసేపు కూర్చుంటారు. ఒక్క టీ తాగితే ఏం పోతుందండీ?"

"ఉద్యోగం పోతుంది."

ఆమె గొంతు తగ్గించింది.

"కొనేవాళ్ళ దేశంలో పద్ధతండీ. సరుకు చూసేవాళ్ళు అమ్మేవాళ్ళ చేతి నీళ్ళు కూడా పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే కన్ను మెత్తబడుతుందని వాళ్ళ భయం. ఇక్కడేమో పుచ్చుకోకపోతే ఇంటికే అవమానం. మీ అమ్మగారు చూడకుండా లారీ చాటుకెళ్ళి నా సీసాలో నీళ్ళు తాగొస్తున్నా."

"అమ్మతో ఆ మాటే చెప్పొచ్చుగా?"

"చెప్పా. ఆవిణ్ణి నేనేదో దొంగ అన్నట్టు చూశారు."

భోజనాల దగ్గర అతనూ చెప్పి చూశాడు. "నీళ్ళకి లంచమని పేరెట్టేవాళ్ళతో మనం వేగలేం," అని అమ్మ కంచం ముందునుంచి లేచిపోయింది.

తర్వాతి వారం, సన్నగా వాన పడుతుండగా ఆమె వచ్చింది. భుజాన బ్యాగు లేదు. జుట్టంతా తడి. కుర్చీలవంక కూడా చూడకుండా నేరుగా ఇంటి గుమ్మం ముందుకెళ్ళి నిలబడింది.

"అత్తయ్యా, కాసిని మంచినీళ్ళిస్తారా?"

మొన్నటిదాకా అమ్మని మేడమ్ అన్న నోరే అది. చిత్రిక పడుతున్న అతని చెయ్యి ఆగిపోయింది. నీళ్ళడిగిందంటే ఇక ఇన్‌స్పెక్షన్ లేనట్టే!

"ఆర్డరు పోయిందా?" అన్నాడు పరుగున వచ్చి.

"ఆర్డరుంది. నేనే లేను. ఇకనుంచి ఈ షెడ్డుకి వేరే ఆయనొస్తాడు. ఆఫీసులో నేనే చెప్పి తప్పుకున్నా."

"ఎందుకూ?"

"కుర్చీలు చూడమని పంపితే, చేసేవాణ్ణి చూస్తున్నాను. నా కన్ను మెత్తబడిందని ఒప్పేసుకున్నా."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఎప్పట్నుంచి?"

"నేల ఎగుడుదిగుడన్నారే, అప్పట్నుంచి."

అమ్మ గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆమె ఎత్తిన గ్లాసు దించకుండా తాగి, ఇంకో గ్లాసు అడిగింది. అమ్మ మొహంలో ఇన్నాళ్ళ గంటు కరిగి, కళ్ళల్లో నవ్వు తొంగిచూసింది. తలుపు వెనకనుంచి తువ్వాలు తెచ్చి తనే ఆ పిల్ల తల తుడవసాగింది.

తుడుస్తూ తుడుస్తూ, ఏమీ ఎరగనట్టు అంది: "ఇక నువ్వు మా పిల్లవేగా. గోడవారన ఆ నాలుగు కుర్చీలున్నాయి చూడు... వచ్చే ఆయనకి నీ నోటితో ఒక్క మాట చెప్పకూడదటే?"

ఆమె ఖాళీ గ్లాసు కిందపెట్టి మూతి తుడుచుకుంది.

"అవి ఇంకా ఊగుతున్నాయి అత్తయ్యా."