వేడి కప్పు జోస్యం

షుషానిక్ లోపలికి వచ్చేసరికి అరుస్యాక్ కాఫీ తాగేసి, కప్పును సాసర్ మీద బోర్లించి, అడుగు చల్లబడిందో లేదో అని వేలితో తడుముతోంది. అమెరికాలోని గ్లెండేల్‌లో, తోటి ఆర్మేనియన్ల మధ్య అపరాధ పరిశోధన చేసే అరుస్యాక్‌కు ఉన్న ఒకే ఒక్క వ్యసనం ఈ కప్పు జోస్యం, అంటే కప్పు గోడలకు ఆరిన కాఫీ మడ్డి గీతల్లో జరగబోయేది చూడటం. సహాయకుడు గారెన్‌కు మాత్రం ఆమె ఏం చేసినా గొప్పే.

“నా కొంప ముంచారమ్మా!” అంటూ షుషానిక్ కుర్చీలో కూలబడింది.

ఆమెది రొట్టెల దుకాణం. పౌరసత్వం ఇంటర్వ్యూ గట్టెక్కింది, ఆఫీసరు నవ్వుతూ చెయ్యి కూడా కలిపాడు. తర్వాత నెలల తరబడి నిర్ణయం రాలేదు. మొన్న మళ్లీ పిలిచి, మీ మొదటి భర్త బతికే ఉన్నాడట కదా అని నిలదీశారు. ఎవరో పేరు చెప్పకుండా ఫోను చేశారట.

“మిహ్రాన్ మన దేశంలోనే, గ్యూమ్రీ భూకంపంలో పోయాడు. ఈ చేతులతో మట్టి వేశాను. ఆ మరణ పత్రం దొంగదట! అదే నిజమైతే ఆరాతో నా పెళ్లి చెల్లదు. పౌరసత్వం మాట దేవుడెరుగు, ఉన్న గ్రీన్‌కార్డు కూడా లాక్కుని పంపించేస్తారు. ఆ ఫోను చేసినవాళ్లు నాకు దొరకాలి. కళ్లల్లో కారం కొడతాను.”

“ఎవరి మీద అనుమానం?”

“హ్రాంత్ మీద. వాడి దుకాణంలో పని మానేసి నేను సొంతంగా పెట్టుకుంటే, నిన్ను వచ్చిన చోటికే పంపిస్తానని బజార్లో అరిచాడు. మా ఆడపడుచు నువార్డ్ ముందే చెప్పింది సుమా. ఆ పిలుపు రాకముందే నా కప్పు చూసి, చచ్చినవాడు లేచొస్తాడు, నిన్ను మళ్లీ పిలుస్తారు అంది. ఎంత ఆత్రమో పాపం, నేను బోర్లించీ బోర్లించగానే ఎత్తి, ‘అబ్బా, కాలింది!’ అని వేళ్లు నోట్లో పెట్టుకుంది. వదిన మాట పొల్లుపోదు.”

అరుస్యాక్ తన కప్పు వంక కాసేపు చూసి, గారెన్‌ను హ్రాంత్ దగ్గరకు పంపింది.

హ్రాంత్ పిండి చేతులతోనే మీదికి వచ్చాడు. “అన్నానయ్యా, పంపిస్తానన్నాను, అయితే ఏంటి? దానికి ముందో మొగుడున్నాడని నువ్వు చెబితేనే తెలిసింది. రెండోవాణ్ని చూస్తేనే జాలేస్తుంది!”

“వాడే మేడమ్, మొహం మీదే రాసుంది,” అన్నాడు గారెన్ తిరిగొచ్చి.

ఆదివారం అందరూ ఆరా ఇంట్లో కూర్చున్నారు. నువార్డ్ తమ్ముడి పక్కన సోఫాలో బిగుసుకుని ఉంది. ఆ ఇంటి తాళంచెవి ఇప్పటికీ ఆమె మెడ గొలుసుకే వేలాడుతోంది.

“ఫోను చేసిన మనిషికి కోపం ఉండాలి, మిహ్రాన్ సంగతీ తెలియాలి,” అంది అరుస్యాక్. “హ్రాంత్‌కు కోపం ఉంది, ఆ సంగతి తెలియదు. ఆరాకు తెలుసు, కానీ పెళ్లి చెల్లకపోతే ఒంటరయ్యేది ఆయనే. ఆఫీసువాళ్లు మళ్లీ పిలుస్తారని, చచ్చినవాడి గురించి అడుగుతారని ముందుగా చెప్పింది ఒక్కరే.”

“కప్పులో కనిపించింది, చెప్పాను. అదీ నేరమేనా?” అంది నువార్డ్.

“ఏం కనిపించిందమ్మా? మడ్డి జారి ఆరాలి. అడుగు చల్లబడేదాకా మన ఆడవాళ్లెవరూ కప్పు ఎత్తరు. మీరు వేళ్లు కాల్చుకున్నారు. అప్పటికి లోపల నల్లటి ముద్ద తప్ప ఏమీ ఉండదు. చూడాల్సిన పని మీకు లేదు, జరగబోయేది ముందే తెలుసు.”

“అక్కా!” అన్నాడు ఆరా.

నువార్డ్ లేచి నిలబడింది. “నీ మొదటి పెళ్లాం పోయాక ఇరవై ఏళ్లు ఈ వంటిల్లు నడిపింది నేను. ఇది వచ్చి నన్ను సోఫాలో కూర్చోబెట్టి, ‘చక్కెర ఎంత వదినా?’ అని అడిగింది. నా ఇంట్లో, నన్ను! పోవాలనే చేశాను. మళ్లీ చేస్తాను కూడా!”

“రేపు నాతో వచ్చి, చెప్పింది అబద్ధమని సంతకం పెడతారు. లేదంటే జైలు ఎలా ఉంటుందో తీరిగ్గా కప్పులో చూసుకోండి,” అంది అరుస్యాక్. గారెన్ ఆమె వంక కళ్లార్పకుండా చూశాడు.

నువార్డ్ సంతకం పెట్టింది. కొన్ని వారాలకు పౌరసత్వం ఇస్తున్నట్టు నిర్ణయం వచ్చింది. ప్రమాణం చేసిన సాయంత్రం షుషానిక్ అందరినీ విందుకు పిలిచింది, నువార్డ్‌ను ముందుగా పిలిచింది. అదే సోఫాలో కూర్చోబెట్టింది.

“చక్కెర ఎంత వదినా?”

నువార్డ్ పళ్లు బిగించి తాగింది. షుషానిక్ ఆ కప్పు బోర్లించి, అడుగు మీద వేలుంచి, బాగా చల్లబడేదాకా ఓపిగ్గా కూర్చుంది. తర్వాత ఎత్తి చూసింది.

“ఏం కనిపిస్తోందేం?” అంది నువార్డ్ ఉండబట్టలేక.

“తలుపు కనిపిస్తోంది వదినా. తాళం మార్చేశారు.”

నువార్డ్ చెయ్యి మెడలోని గొలుసు మీదికి వెళ్లింది.