పదకొండో ఎపిసోడ్ చూసిన రోజు

శనివారం పొద్దున ఏడు గంటలకల్లా స్తుతి టీవీ పక్కన స్టాండు నిలబెట్టి, దానికి ఫోను బిగించి, తండ్రి ముఖం సరిగ్గా పడుతోందో లేదో చూసుకుంది. మార్కు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. వంటింట్లో విశ్రాంతమ్మ ఉప్మాకు తాలింపు పెడుతోంది.

"ఏందయ్యా, పెండ్లికి పోతున్నవా?" అంది లోపలినుంచే.

"యాభై వేల మంది చూస్తున్నరే నన్ను. బనీను మీద కూసోవాల్నా?" అన్నాడు మార్కు. నవ్వు మధ్యలోనే దగ్గు తెర వచ్చింది.

కొత్తగూడెం దగ్గర ఒక బొగ్గు గనిలో అతను ముప్పై ఏళ్లు పనిచేశాడు. పదిహేను మందిని వెంటబెట్టుకుని భూమి లోపలికి దిగే సర్దార్ అతను. రిటైరై ఐదేళ్లయింది. ఊపిరితిత్తులు అంతకంటే ముందే రిటైరయ్యాయి. డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం కోసం తిరుగుతున్న స్తుతి, తండ్రికి పొద్దుపోవడం లేదని 'ఏడో వలయం' అనే డబ్బింగ్ సీరియల్ అలవాటు చేసింది. ఆకాశంలో తేలే పెద్ద స్టేషన్, అందులో రెండు వందల మంది. చూసేవాళ్లంతా నక్షత్రాలు చూస్తే మార్కు మాత్రం అందులో గనినే చూశాడు.

"గాలి పరీక్ష చెయ్యకుండ ఆ పిల్ల లోపలికెట్ల పోతది? ఎవడామెకు సర్దార్?" అని మొదటి ఎపిసోడ్‌కే అతను కోప్పడ్డాడు. స్తుతి సరదాగా దాన్ని యూట్యూబ్‌లో పెట్టింది. జనానికి తెగ నచ్చింది. అప్పటినుంచి ప్రతి శనివారం కొత్త ఎపిసోడ్, దానికి మార్కు మాటలు.

ఆ రోజు పదకొండో ఎపిసోడ్. స్టేషన్‌లో నిప్పంటుకుంది. మరిచిపోయిన పరికరం తెమ్మని ఒక మెకానిక్‌ను పై అధికారి వెనక్కి పంపాడు. పొగ కమ్ముకొచ్చింది. అధికారి తలుపు మూసేశాడు. మర్నాడు విచారణలో, "నేను పంపలేదు. వద్దన్నా వినకుండా అతనే వెళ్లాడు" అని చెప్పాడు.

మార్కు చేతిలోని ఉప్మా పళ్లెం కింద పడింది.

"తాగిండని గూడ చెప్పురా!" అంటూ లేచి నిలబడ్డాడు. "అప్పుడింకా మంచిగ నమ్ముతరు! తుల్సీరాం తాగిండని నేను చెప్పలేదా? నేను చెప్పలేదా?"

చొక్కా అంచుతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. విశ్రాంతమ్మ పరుగున వచ్చి అతణ్ణి లోపలికి తీసుకుపోయి పడుకోబెట్టింది.

ఏదో పాత సంగతి తగిలిందని స్తుతికి అర్థమైంది. అడగవచ్చు. అడగలేదు. అంత నిజమైన ఏడుపు ఆమె ఎవరి వీడియోలోనూ చూడలేదు. మధ్యాహ్నం కాకముందే దాన్ని పెట్టేసింది. రెండు రోజుల్లో మూడు లక్షల మంది చూశారు.

సోమవారం పొద్దున పక్కింటావిడ చెబితే విశ్రాంతమ్మకు తెలిసింది. చేతిలో చీపురుతోనే వచ్చింది.

"తియ్యి దాన్ని! ఇప్పుడే తియ్యి!"

"ఎందుకమ్మా? ఎవరా తుల్సీరాం?"

"నీకెందుకే? ఇంటి మీదికి తెచ్చినవ్ గదే!" ఆమె గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది.

అప్పుడే గేటు చప్పుడైంది. యాభై ఏళ్ల లంబాడా ఆడమనిషి, వెంట స్తుతి ఈడు అమ్మాయి. పెద్దామె గడప బయటే ఆగింది.

"మార్కు సర్దార్ ఉన్నడా? నేను ద్వాలిని. తుల్సీరాం పెండ్లాన్ని. ఇది నా బిడ్డ సంగీత, ఆశ్రమ పాఠశాలల టీచర్. ఆ వీడియో ఇదే చూపెట్టింది నాకు. ఆయన నోటెంబడి ఇనాలని వచ్చిన."

"ఆయనకు పానం బాగలేదు," అంది విశ్రాంతమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి. "టీవీ చూసి ఏదో అన్నడు. పోండ్రి తల్లీ."

"ఊకో విశ్రాంతా." మార్కు గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. "రానియ్యి."

వాళ్లు లోపలికి వచ్చారు గానీ కూర్చోలేదు. మార్కు నిలబడే చెప్పాడు, ఊపిరి అందక ఆగి ఆగి.

"పేలుడు మందు పెట్టె లోపల మర్చిపోయిన. అది పోతే నా సర్దార్ పని పోతది. 'తుల్సీరాం, జల్దీ ఉరికి తే' అన్న. మారుమాట అనలే, ఉరికిండు. గంతల్నే పొగ కమ్మింది. పద్నాలుగు మందిని ఇవతలికి తెచ్చి ఇనుప తలుపేసిన."

"కొట్టిండా తలుపు?" అని అడిగింది ద్వాలి.

మార్కు గోడకు ఆనుకున్నాడు.

"కొట్టిండు. రెండుసార్లు."

సంగీత గోడవైపు తిరిగిపోయింది. ద్వాలి కంట్లో చుక్క లేదు.

"తలుపేసినందుకు నిన్నేమనను సర్దార్. పద్నాలుగు మందికీ పెండ్లాం పిల్లలున్నరు. గానీ తాగిండని ఎందుకన్నవ్? మొక్కుకొని ఏడాది సంది ముట్టని మనిషి. ఇరవై మూడేండ్లు! సంబంధం చూడవచ్చినోళ్లు ఈ పిల్లను తాగుబోతు బిడ్డ అన్నరు. మా అత్త కన్నకొడుకు పేరెత్తుడు బంద్ జేసింది."

"నేనే చెప్పమన్న."

అందరూ తిరిగి చూశారు. విశ్రాంతమ్మ గుమ్మంలోనే కూలబడింది.

"స్తుతికి రెండేండ్లు అప్పుడు. ఈయనకు పని పోతే ఎట్ల బతుకుతమని... 'సచ్చినోడు మల్ల రాడు, ఏదన్న చెప్పి బయటపడు' అన్న. ఆయన బాధతోని తిండి మానేస్తే, నిజం బయటపెట్టనని నేనే ఒట్టు పెట్టించిన."

తన బడి, తన కాలేజీ, ఈ ఇంటి ఫ్యాను గాలి, అన్నీ ఎవరి పేరు చెడగొట్టి నిలబడ్డాయో ఇరవై అయిదేళ్లొచ్చాక స్తుతికి తెలిసింది. ఫోను తీసింది.

"నేను తీసేస్త అక్కా. తెలవక పెట్టిన."

"తియ్యకు!" సంగీత గట్టిగా అరిచింది. "మా నాయిన తప్పు చెయ్యలేదని చెప్పే సాక్ష్యం నాకు అదొక్కటే."

మార్కు చేతులు జోడించబోయాడు. ద్వాలి తల అడ్డంగా ఊపింది.

"నాకొద్దు నీ దండాలు. తండాకు రా. మా అత్త ముంగట చెప్పు."

"గంత దూరం నడవలేడమ్మా," అంది విశ్రాంతమ్మ.

"పోత," అన్నాడు మార్కు.

మర్నాడు పొద్దున బస్సులో బూర్గంపాడు దాకా, అక్కణ్ణుంచి ఆటోలో అడవి అంచుదాకా వెళ్లి, ఆపైన కాలిబాట పట్టారు ముగ్గురూ. మార్కు అడుగడుగునా ఆగాడు. స్తుతి భుజం పట్టింది. విశ్రాంతమ్మ నీళ్ల సీసాతో వెనకే నడిచింది.

తుల్సీరాం తల్లి లాలి ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. తండావాళ్లు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు. మార్కు ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

"అవ్వా, నీ కొడుకు తాగలే. లోపలికి నేనే పంపిన. నా పని కాపాడుకునేటందుకు అబద్ధమాడిన."

సంగీత ఆ మాటలను తమ భాషలో నానమ్మ చెవిలో మళ్లీ చెప్పింది. అది పూర్తి కాకముందే తుల్సీరాం తమ్ముడు మంగీలాల్ వచ్చి మార్కు గల్లా పట్టుకుని లేపాడు. మార్కు చెయ్యి అడ్డు పెట్టలేదు.

"ఇడువు," అంది ద్వాలి. "కొడితే వాని పాపం పోతది. పోనియ్యకు."

మంగీలాల్ వదిలేశాడు. లాలి ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ తెలుగులో అడిగింది.

"ఆ దినం పొద్దుగాల నేను తిట్టిన వాన్ని. అన్నం తినకుండ పోయిండు. లోపల ఏమన్న తిన్నడా?"

మార్కు తలెత్తి ఆమెను చూశాడు.

"తిన్నడవ్వా. నా డబ్బాలనే ఇద్దరం తిన్నం. చేపల పులుసు. మంచిగున్నదని మల్ల ఏసుకున్నడు."

"తిన్నడా?" అంది లాలి. "కడుపునిండ తిన్నడా?"

"తిన్నడు."

"తుల్సీ..." అంది ముసలామె. ఇరవై మూడేళ్ల తర్వాత ఆ పేరు ఆమె నోట రావడంతో ద్వాలి ఒక్కసారిగా మంచం కోడును పట్టుకుని కుప్పకూలింది. అప్పటిదాకా రాని ఏడుపు ఇద్దరినీ ఊపేసింది. తాగుబోతు చావని సిగ్గుపడి, ఆనాడు తలుపులేసుకుని చిన్నగా ఏడ్చి ఊరుకున్న ఆడవాళ్లంతా మంచం చుట్టూ చేరి, అతని పేరు పెట్టి, అతని గుణాలు చెప్పుకుంటూ గొంతెత్తి ఏడ్చారు.

విశ్రాంతమ్మ దూరంగా ఎండలోనే నిలబడిపోయింది. ఆ పులుసు వండిన చేతులను చూసుకుంటూ, అక్కడ ఏడ్చే హక్కు తనకుందో లేదో తెలియక నోట్లో కొంగు కుక్కుకుంది. స్తుతి వెళ్లి తల్లి చెయ్యి పట్టుకుంది. తల్లి మీద కోపం పోలేదు. ఇంతకాలం ఆ అబద్ధం తిని పెరిగింది తనేనన్న సంగతి అంతకంటే బరువుగా ఉంది.

"రా అమ్మా," అంది. "దగ్గరికి పోదాం. కొడితే ఇద్దరం పడదాం."

ఇద్దరూ వెళ్లి ఆడవాళ్ల వెనక కూర్చున్నారు. ఎవరూ వాళ్లను రమ్మనలేదు. పొమ్మనీ అనలేదు.