పూర్తి టాక్స్ కట్టిన స్కూటర్

“నాలుగు చక్రాలున్నాయండి. కారు రేటు ఇవ్వాలి.”

రావులపాలెం చేపల మార్కెట్ పక్కనున్న పార్కింగ్ స్టాండులో గంగాధర్ పనికి చేరి వారం కాలేదు. ఓనర్ శ్యాంబాబు నేర్పిన చదువు ఒక్కటే. రెండు చక్రాలకు పది, నాలుగింటికి ముప్పై. ఎదురుగా ఆగిన స్కూటర్‌కు వెనకచక్రం పక్కన అటొకటి ఇటొకటి చిన్న చక్రాలు బిగించి ఉన్నాయి. మొత్తం నాలుగు. తప్పు లెక్కలో లేదు, బుర్రలో ఉంది.

బండి మీదున్న అమ్మాయి హెల్మెట్ తీసింది.

“ఇది కారా?”

“కాదండి.”

“డోర్లున్నాయా?”

“లేవండి.”

“మరి వానొస్తే ఏ అద్దాలు ఎక్కించుకోమంటారు?”

చేపలమ్మే ఆడవాళ్లు పగలబడి నవ్వారు. గంగాధర్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ అమ్మాయి పేరు వీరదుర్గ. ఎడమ కాలు చిన్నప్పుడే చచ్చుబడింది. రోజూ తెల్లారేసరికి జొన్నాడ నుంచి చేపల డబ్బా వేసుకుని వస్తుంది. తల్లి రత్తమ్మ మార్కెట్లో కూర్చుని అమ్ముతుంది.

“స్టాండు వేలంపాట రోజున మైకులో చదివారండి, వికలాంగుల బళ్లకి డబ్బులు తీసుకోకూడదని. వెళ్లి మీ ఓనర్‌గారిని అడిగి రండి. నేనెక్కడికీ పారిపోను. పరిగెత్తలేనుగా!”

అడిగాడు. శ్యాంబాబు పుల్లతో పళ్లు కుట్టుకుంటూ, “ఉందిలేరా. ఎవడూ అడగట్లేదుగా” అన్నాడు. లోకంలో న్యాయం అంతే. అడగనివాడి దగ్గర గుంజుతారు.

మర్నాడు గంగాధర్ ఒక అట్టముక్క మీద ‘వికలాంగుల బళ్లకు ఉచితం’ అని రాసి గేటుకు కట్టాడు. గేటు పక్కన నీడలో కొంత చోటు ఖాళీగా వదిలాడు. శ్యాంబాబు నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్లకు టికెట్ లేదు గనక గంగాధర్ తీరిగ్గా విన్నాడు.

“అక్షరాలు బాగున్నాయి,” అంది వీరదుర్గ. “రాసిన మనిషే కాస్త వంకర.”

“మీ బండిని చూసి నేర్చుకుంటానండి. ఎటూ ఒరగకుండా నిలబడుతుంది.”

ఆమె నవ్వు దాచుకోబోయి హెల్మెట్ పెట్టేసుకుంది. ఆలస్యమైంది. గంగాధర్ చూసేశాడు.

ఆ తర్వాత అతనికి తెల్లారడం కోసం ఎదురుచూడటం అలవాటైంది. ఆమె ఐసు ముక్క విసిరేది, అతను దాన్ని పట్టుకుని కరిగేదాకా గుప్పిట్లోనే ఉంచుకునేవాడు. ఇలాంటివి చూసేవాళ్లకు పిచ్చి పనులే. చేసేవాళ్లకు కాదు.

శ్రావణంలో ఒకరోజు జోరువానలో ఆమె స్కూటర్ స్టాండు ముందే ఆగిపోయింది. ఎంత కొట్టినా స్టార్టు కాలేదు. గంగాధర్ తడుస్తూ దాన్ని రేకుల కిందికి తోశాడు. ఎన్నాళ్లుగానో దాచుకున్న సంగతి ఆ ఉత్సాహంలో బయటపడింది.

“దీని పనైపోయిందండి. కొత్తది తీసుకుందాం. మీ పేరున తీస్తే లైఫ్ టాక్స్ ఉండదంట! సగం డబ్బు నేనేస్తాను. మీ వికలాంగుల సర్టిఫికెట్ ఒక్కటుంటే చాలంట!”

వీరదుర్గ మొహంలో నవ్వు ఆరిపోయింది.

“పోయినేడు నిడదవోలు నుంచి నాకో సంబంధం వచ్చిందండి. ఆ పెళ్లికొడుకు నా మొహం చూడలేదు, కాలూ చూడలేదు. సర్టిఫికెట్ చూశాడు. నా పేరున కారు కొంటే టాక్స్ ఎంత మిగులుతుందో మా ఇంట్లోనే కూర్చుని ఫోన్‌లో లెక్కేసుకున్నాడు. మీకెంత మిగులుతుందండీ?”

“అయ్యో, అది కాదండి...”

ఆమె వినలేదు. ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

రిపేరైన బండితో మళ్లీ వచ్చింది గానీ స్టాండులోకి రాలేదు. వీధి చివర, ఎండలో పెట్టుకుంది. అక్కణ్నుంచి కర్ర సాయంతో మార్కెట్ దాకా నడిచింది. గంగాధర్ ఎదురెళ్తే తల తిప్పుకుంది. నీడలో ఖాళీ చోటు అతన్ని రోజంతా వెక్కిరించేది. ఆమె వెళ్లిపోయిందన్న బాధ కంటే, తనను ఆ నిడదవోలు వాడితో జమకట్టిందన్నది ఎక్కువ పొడిచింది. మాటలతో చెప్పబోతే మళ్లీ చెడగొడతాడు. ఆ సంగతి అతనికే బాగా తెలుసు.

ఒక ఆదివారం మధ్యాహ్నం జొన్నాడలో రత్తమ్మ ఇంటి ముందు కొత్త స్కూటర్ ఆగింది. దానికీ వెనక పక్క చక్రాలున్నాయి. వీరదుర్గ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“ఎవరిదిది?”

“నాదండి. వాయిదాల మీద నా పేరునే తీశాను. మీ పేరు ఎక్కడా చెప్పలేదు, సర్టిఫికెట్ ఊసే ఎత్తలేదు. టాక్స్ మొత్తం కట్టేశాను. చూసుకోండి.” రసీదు చాచాడు.

“మీ కాళ్లు బాగానే ఉన్నాయిగా. పక్క చక్రాలెందుకు?”

“నడిపేది మీరు కదండీ. నేను డబ్బా పట్టుకుని వెనక కూర్చుంటాను.” తాళం తీసి బండి సీటు మీద పెట్టాడు. “మీకిష్టమైతేనే. లేదంటే రేపే విప్పించేస్తాను.”

ఆమె బండినీ, పక్క చక్రాలనీ చూసింది. తర్వాత రసీదు అందుకుంది. చేపలమ్మే ఇంట్లో పుట్టిన పిల్ల, కళ్లు నేరుగా అంకె మీదికే పోయాయి.

“ఇంతా!”

“అంతేనండి.”

“ఫుల్లుగా కట్టేశావా?” ‘అండీ’ ఎటు పోయిందో ఆమెకే తెలియదు. “బుద్ధుందా నీకసలు? ఇంత డబ్బు ఊరికే పారేస్తావా? ఇంట్లో నేనుండగా ఎవడైనా టాక్స్ కడతాడా?”

పొయ్యి దగ్గర నుంచి రత్తమ్మ తల బయటికి పెట్టింది.

“ఏ ఇంట్లోనే దుర్గా?”

వీరదుర్గ మెడ దాకా ఎర్రబడిపోయి రసీదు మొహానికి అడ్డం పెట్టుకుంది. దాని వెనకనుంచి, “అమ్మా, నువ్వూరుకో” అన్న మాట సన్నగా వినిపించింది.

గంగాధర్ కదలకుండా నిలబడ్డాడు. కదిలితే ఆ మాట వెనక్కి పోతుందేమోనని అతని భయం.

రత్తమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి అతని చేతికిచ్చింది.

“కాళ్లు కడుక్కుని రా బాబూ, పులుసు చల్లారిపోతోంది. టాక్స్ సంగతి అన్నం తిన్నాక ఇద్దరూ కూర్చుని కొట్టుకోండి. మధ్యలో నేను రాను.”