అమ్మమ్మ గది లైను

ఆమె అతన్ని మొదటిసారి చూసినప్పుడు, అతను ఆమె ఇంటి గోడను కౌగిలించుకుని ఉన్నాడు.

అప్పుడే క్లినిక్ నుంచి వచ్చింది. చెప్పులు విడిచి హాల్లో అడుగుపెట్టేసరికి ఎవరో పొడుగాటి మనిషి రెండు చేతులూ గోడకు ఆనించి, చెంప కూడా దానికే ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. సోఫాలో కూర్చున్న అమ్మమ్మ ఇది రోజూ జరిగేదే అన్నట్టు టీ తాగుతోంది.

"ఎవరండీ మీరు?"

"ష్," అన్నాడతను, కళ్ళు తెరవకుండానే.

ఆమె పళ్ళ డాక్టరు. ఎదుటివాళ్ళు నోరు తెరుచుకుని పడుకుని ఉంటే తనొక్కతే మాట్లాడటం ఆమెకు అలవాటు. తన ఇంట్లో తననే నోరు మూసుకోమనే మనిషి తగలడం ఇదే మొదటిసారి.

"ఇక్కడ గోడలో స్పీకరుంది," అన్నాడతను చివరికి ఇటు తిరిగి. చెంప నిండా సున్నం. "ఎవరో దానిమీద రంగు వేసేశారు. అయినా తీగలకు నా రేడియో తగిలిస్తే లోపల గీరుతున్నట్టు చప్పుడొస్తోంది. అంటే బతికే ఉంది."

"మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు?"

"మీ అన్నయ్యగారు. పాతదంతా పీకేసి కొత్తది పెట్టడానికి ఎస్టిమేట్ ఇమ్మన్నారు."

"పీకడానికి వీల్లేదు."

"నేనూ అదే చెబుదామనుకుంటున్నాను."

ఆమె అప్పటికే బోలెడంత కోపం కూడగట్టుకుని ఉంది. దాన్ని ఎక్కడ దించాలో తెలియలేదు. "ముందు మొహం కడుక్కోండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఇల్లు ఆమెకు మామయ్య ఇచ్చి వెళ్ళింది. మామయ్య పెళ్ళి చేసుకోలేదు. ఇల్లు కట్టుకున్నాడు. కట్టేటప్పుడే గోడల్లోంచి తీగలు లాగి, గదిగదికీ స్పీకరు బిగించి, ప్రతి తలుపు పక్కనా స్విచ్‌బోర్డంత పెట్టె పెట్టించాడు. పెట్టెకో తిప్పుడు మీట, దాని కింద మాట్లాడటానికో బటన్. మెట్ల కింద అలమారలో ఆంప్లిఫయరూ, రేడియో. పొద్దున్నే లేచి వంటింట్లోంచి బటన్ నొక్కి, "అమ్మా, లేచావా?" అని మొదలుపెట్టేవాడు. ఆయన గొంతు బాత్రూంలో కూడా వినిపించేది.

కిందటేడు మామయ్య పోయాడు. అంతకుముందే ఆంప్లిఫయరు కూడా మూలపడింది. అమ్మమ్మకు తోడుగా మనవరాలు ఈ ఇంటికి వచ్చేసింది. అమ్మమ్మ ఏడవలేదు, అన్నం మానలేదు, ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. గదిలో ఎక్కువసేపు కూర్చునేది, అంతే.

ఇంటికి రంగులు వేయించే పని నెత్తిన వేసుకున్న అన్నయ్య మాత్రం ఒక మాట చెప్పేశాడు. "త్వరలో పెయింటర్లు వస్తారు. ఈలోగా మోగితే సరే. లేకపోతే ఆ పెట్టెలు తీసేసి గోడలు పూడ్చేద్దాం." అమ్మ కూడా కొడుకు వైపే. చచ్చిన పెట్టెల్ని చూసినప్పుడల్లా తమ్ముడు గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంటోంది ఆవిడకు.

అలా అతను సెలవురోజుల్లో రావడం మొదలుపెట్టాడు. మామూలుగా అతని పని సభలకూ, నాటకాలకూ సౌండ్ పెట్టడం. అమ్మమ్మ అతనికి 'మైకబ్బాయి' అని పేరు పెట్టేసింది. అసలు పేరు అడగాలని ఎవరికీ తోచలేదు.

ఆంప్లిఫయరు సులువుగానే దారికొచ్చింది. ఎండిపోయిన భాగాలు మార్చాడు. చిక్కంతా తీగలతో వచ్చింది. మామయ్య అన్నిటికీ ఒకే బూడిదరంగు తీగ వాడి, ఏది ఏ గదిదో ఎక్కడా గుర్తు పెట్టలేదు. మైకబ్బాయి మెట్ల కింద కూర్చుని ఒక్కో తీగకీ రేడియో కలపాలి. ఏ గదిలో మోగుతోందో ఆమె పరిగెత్తి చూసి రావాలి.

"వస్తోందా?"

"ఎక్కడా రావట్లేదు."

"ఇప్పుడు?"

"బాత్రూంలో వస్తోంది."

"బాత్రూంలో కూడా పెట్టించారా?"

"మామయ్య స్నానానికి వెళ్తే ఓ పట్టాన బయటికి వచ్చేవాడు కాదు లెండి."

తర్వాత అలమారలోంచి గొంతు: "డాక్టరుగారూ, పేషెంట్లతో కూడా ఇలాగే అరుస్తారా?"

"వాళ్ళు తిరిగి మాట్లాడరు."

"అదృష్టవంతులు."

"వాళ్ళా, నేనా?"

"ఆలోచించి చెబుతాను."

అతను టీతో బిస్కెట్ తిన్నంతసేపూ కుడివైపే నమలడం ఆమె కనిపెట్టింది. ఎడమవైపు పన్ను పుచ్చింది కదా అంటే, అబ్బే అన్నాడు. వేల మంది ముందు మైకు చెడిపోతే చెమట పట్టని మనిషికి క్లినిక్ కుర్చీ పేరెత్తితే చెమట పట్టింది. అమ్మమ్మ మందలించాక వచ్చాడు.

అతని నోట్లో అద్దమూ, దూదీ పెట్టాక ఆమె అడగడం మొదలుపెట్టింది. షుగరుందా. మందులేమైనా పడవా. ఇంట్లో ఎవరెవరుంటారు. ఇన్నాళ్ళూ పెళ్ళెందుకు చేసుకోలేదు.

చివరి రెండు ప్రశ్నలకూ పంటికీ సంబంధం లేదని నర్సుకు తెలుసు. ఆమె కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

"ఆ... ఆ..." అన్నాడతను.

"సరే, ఆలోచించి చెప్పండి," అంది డాక్టరు.

హాలు మోగింది, వంటిల్లు మోగింది, మేడమీద గదులు మోగాయి. వరండా స్పీకరు బాగుచేస్తుంటే చెప్పాపెట్టకుండా వాన వచ్చిపడింది. విప్పి ఉన్న పెట్టె తడవకుండా ఇద్దరూ ఒక ప్లాస్టిక్ పట్టాను చెరో పక్కా ఎత్తి పట్టుకున్నారు. పెట్టె తడవలేదు. వాళ్ళిద్దరూ శుభ్రంగా తడిశారు. అతను ఆమెను చూసి, వెంటనే తీగల వైపు చూశాడు. ఆ మొదటి చూపు ఆమెకు అందింది. అందనట్టు ఊరుకుంది.

మిగిలింది అమ్మమ్మ గది ఒక్కటే. అది మాత్రం మొండికేసింది.

"వస్తోందా అమ్మమ్మగారూ?" అలమారలోంచి కేక.

"ఏమీ లేదు నాయనా," అని మంచం మీదనుంచి జవాబు.

"ఎక్కడో తీగ తెగి ఉంటుంది. మళ్ళీ వారం చూద్దాం." వారం మారేది, జవాబు మారేది కాదు. మనవరాలికి ఉండబట్టేది కాదు. అసలు ఇదంతా ఎవరికోసం? ఇల్లంతా మోగి ఆ గది ఒక్కటీ మోగకపోతే ఏం లాభం?

ఒక ఆదివారం పొద్దున అమ్మమ్మ పక్కింటావిడతో నడకకు వెళ్ళింది. హాల్లో రేడియో సన్నగా మోగుతోంది. మైకబ్బాయి వరండాలో పెట్టెకు మూత బిగిస్తున్నాడు. ఆమె అమ్మమ్మ గదిలో దుమ్ము దులుపుతూ, పెట్టె తుడవబోయి మీట తిప్పింది.

పాట వచ్చింది. గరగర లేదు, వెలితి లేదు, మిగతా అన్ని గదులకన్నా శుభ్రంగా.

ఆమె దాన్ని ఆపేసి, గుడ్డ చేతిలో పట్టుకునే వరండాలోకి వెళ్ళింది.

"అమ్మమ్మ గది ఎప్పుడు బాగైంది?"

అతని చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. "చాలా రోజులైంది."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"అది చెప్పలేనండి."

"కొడుకు పోయిన ముసలావిడ ఆశగా కూర్చుంటే, వారం వారం మళ్ళీ చూద్దాం మళ్ళీ చూద్దాం అని తిప్పారు. ఎందుకు? ఇక్కడికి రావడానికి సాకు కోసమా?"

అతని మొహం ఎర్రబడటం చూసి, తనన్నదే నిజమని ఆమెకు రూఢి అయిపోయింది.

"వెళ్ళండి. మిగతా పని ఇంకెవరితోనైనా చేయించుకుంటాను."

అతను మూతకు ఆఖరి స్క్రూ బిగించి, సామాను సర్దుకుని, వెళ్ళిపోయాడు. ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. దాంతో ఆమెకు మరీ ఒళ్ళు మండింది.

అమ్మమ్మ తిరిగొచ్చి, "మైకబ్బాయి ఏడే? టీ అన్నా తాగాడా?" అంది.

ఆమె జరిగింది చెప్పింది. అమ్మమ్మ అంతా విని, చాలాసేపు చీర కొంగు సరిచేసుకుంటూ కూర్చుంది.

"వాణ్ణెందుకు తిట్టావే? చెప్పొద్దన్నది నేను."

ఆమె వచ్చి మంచం అంచున కూర్చుంది.

"ఆ రోజు నువ్వు మేడమీద ఉన్నావు," అంది అమ్మమ్మ. "ఆ పెట్టె గురగురమంది. మీ మామయ్య మాట్లాడబోయే ముందు అచ్చం అలాగే గురగురమనేది. ఇప్పుడు అమ్మా అంటాడనుకున్నాను. ఎవడో వార్తలు చదివాడు."

మనవరాలు ఆవిడ దగ్గరికి జరిగింది.

"ఆపెయ్ నాయనా అన్నాను. ఆపేశాడు. ఎందుకని అడగలేదు. ఎవరికీ చెప్పకు, కొన్నాళ్ళు ఆగు అన్నాను. పై వారం నువ్వు బయటికెళ్ళినప్పుడు కాసేపు పెట్టాడు. మీట మీద చెయ్యి తీయకుండా కూర్చున్నాడు. నేను చాలనగానే కట్టేశాడు. ఆ పై వారం ఇంకాసేపు. ఇప్పుడిప్పుడే వినగలుగుతున్నాను."

"నాతో చెప్పొచ్చుగా అమ్మమ్మా."

"నీతో చెబితే నువ్వేడుస్తావు. నువ్వేడిస్తే నేను ఓదార్చాలి. నాకంత ఓపిక లేకపోయిందే తల్లీ."

మర్నాడు సాయంత్రం క్లినిక్కు వెళ్ళాల్సిన దారి వదిలేసి, ఆమె అతను పనిచేస్తున్న హాలుకు వెళ్ళింది. ఏదో వార్షికోత్సవానికి కుర్చీలు వేస్తున్నారు. అతను ఒక మూల నిచ్చెన మీద నిలబడి స్పీకరు బిగిస్తున్నాడు. నిచ్చెన కాస్త ఊగుతోంది. ఆమె వెళ్ళి రెండు చేతులతో పట్టుకుంది.

అతను కిందికి చూశాడు.

"దిగండి. మాట్లాడాలి."

"ఇక్కడ్నుంచే వింటాను. దిగితే మళ్ళీ వెళ్ళిపొమ్మంటారు."

"ఇది నా ఇల్లు కాదుగా. ఎలా పొమ్మంటాను?"

అతను మరో స్క్రూ తిప్పాడు.

"అమ్మమ్మ చెప్పింది," అందామె. "మొత్తం చెప్పింది. నేను అన్నేసి మాటలంటుంటే మీరు నోరు మెదపలేదు."

"మాటిచ్చాను కదండీ."

"సారీ."

అప్పుడు దిగాడు. దిగి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, ఆమె మొహం వైపు కాకుండా ఆ గుడ్డ వైపు చూస్తూ మాట్లాడాడు.

"మీరు సారీ చెప్పకండి. అమ్మమ్మగారికి కూడా తెలియని సంగతి ఒకటుంది. ఆవిడ ఎవరికీ చెప్పొద్దన్నప్పుడు నాకు సంతోషమేసింది. ఆవిడ కొడుకు గుర్తొచ్చి అలా అయిపోతే, నాకేమో ఇంకొన్నాళ్ళు ఆ ఇంటికి రావచ్చుగదా అనిపించింది. తర్వాత నా మీద నాకే అసహ్యం వేసింది. అందుకే మీరు సాకు అన్నప్పుడు కాదనలేకపోయాను. సగం నిజం."

ఎవరో కుర్చీలు ఈడ్చుకుపోతున్నారు. ఆ చప్పుడు తగ్గేదాకా ఆమె ఆగింది.

"పనిలేకుండా ఒకరింటికి రావడం మీకు చేతకాదా?"

"ఏమని చెప్పి రాను?"

"నన్ను చూడ్డానికి వచ్చానని చెప్పండి. అబద్ధం కాదుగా?"

అతను మొదటిసారి చూపు తిప్పుకోకుండా చూశాడు. "కాదు," అన్నాడు. కాసేపాగి, మళ్ళీ నిదానంగా, "కాదండీ. అబద్ధం కాదు," అన్నాడు.

"అయితే ఆ 'అండీ' తీసేయండి."

"మీరు కూడా తీసేస్తే తీసేస్తాను."

"ఆలోచించి చెబుతాను," అందామె. నిచ్చెన మాత్రం వదల్లేదు.

పెయింటర్లు రావాల్సిన ముందురోజు అన్నయ్యా అమ్మా ఇల్లు చూడటానికి వచ్చారు. అమ్మ గదిగదికీ తిరిగింది. ఏ గదిలోకి వెళితే అక్కడ రేడియో సన్నగా మోగుతోంది. ఆవిడ వచ్చి హాల్లో కూర్చుంది. అన్నయ్య పెట్టె మీట అటూ ఇటూ తిప్పి, "బాగానే చేశావయ్యా," అన్నాడు. మైకబ్బాయి తలూపాడు. ఆ రోజు అతని చేతిలో సామాన్ల సంచీ లేదని ఆమె ఒక్కతే గమనించింది.

మధ్యలో అమ్మమ్మ లేచి తన గదిలోకి వెళ్ళింది. కాసేపటికి రేడియో ఆగిపోయి, ఇంట్లో ఉన్న స్పీకర్లన్నీ ఒక్కసారిగా గురగురమన్నాయి. అమ్మ చెయ్యి గుండెల మీదికి వెళ్ళింది.

"అందరికీ వినిపిస్తోందా?" అంది అమ్మమ్మ గొంతు, హాల్లోంచీ వంటింట్లోంచీ మేడమీదనుంచీ. "పెయింటర్లు ఈ పెట్టెల జోలికి రాకుండా చూడండి. ఇంకో సంగతి. మైకబ్బాయి ఇకమీదట పనికి రావట్లేదు. మన పిల్ల కోసం వస్తున్నాడు. ఎవరూ మోసపోవద్దు. నాకు ఇష్టమే. మీరు కూడా ఒప్పుకోండి."

అమ్మ కూతురి వైపు తిరిగింది.

"ఏమే, నిజమేనా?"

"నిజమే అమ్మా."

అమ్మ అతన్ని తల నుంచి పాదాల దాకా చూసింది. అతను గోడ పక్కన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా నిలబడి ఉన్నాడు.

"కూర్చో బాబూ," అంది చివరికి. "ఎంతసేపలా నిలబడతావు?"

అన్నయ్య జరిగి సోఫాలో చోటిచ్చాడు.

ఆ బటన్ ఒకసారి నొక్కితే లోపలికి దిగి ఉండిపోతుంది. మళ్ళీ నొక్కితేగానీ పైకి రాదు. అమ్మమ్మ ఆ సంగతి మరిచిపోయింది. స్పీకర్లలో మంచం కిర్రుమంది. ఆవిడ నిట్టూర్చడం వినిపించింది. తర్వాత, ఎదురుగా ఎవరో కూర్చుని ఉన్నట్టు, తీరిగ్గా మాట్లాడటం మొదలుపెట్టింది.

"విన్నావురా? నువ్వు బిగించినవన్నీ మోగుతున్నాయి. నీకూ పెళ్ళి చేద్దామని ఎన్నిసార్లు పోరానో. విన్నావా నువ్వు? దీనికైనా కుదిరింది. మీ అక్క ఒప్పుకుంటుందిలే, పైకి అలా ఉంటుందిగానీ..."

బటన్ సంగతి చెప్పివద్దామని మైకబ్బాయి లేవబోయాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఉండనీ," అంది మెల్లగా. "ఆవిణ్ణి మాట్లాడనీ."

అతను కూర్చున్నాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఇల్లంతా అమ్మమ్మ మాట్లాడుతూనే ఉంది.