నలభై తొమ్మిది సందులు

ముప్పై ఏడు వ్యాగన్ల నంబర్లు రాశాను. ముప్పై ఎనిమిదోది రాస్తుండగా నా భుజం పక్కనుంచి ఒకమ్మాయి పరుగెత్తుకుంటూ వెళ్లిపోయింది.

బస్సు అందుకోవడానికి పరుగెత్తే పరుగు కాదది. తండ్రి ఖాకీ చొక్కా తొడుక్కుంది. కాళ్లకి తెల్ల కాన్వాసు బూట్లు. అడుగు పడిన చప్పుడు కూడా సరిగ్గా వినపడలేదు. నేను పెన్సిలు పట్టుకుని అటే చూస్తూ ఉండిపోయాను. చూడడం అయ్యాక ఏ వ్యాగన్ దగ్గర ఆగానో మరిచిపోయాను.

నా ఉద్యోగం పేరు నంబర్ టేకర్. పోర్టు యార్డులోకి వచ్చిన గూడ్సు బండి పక్కన నడుస్తూ ఒక్కో వ్యాగన్ నంబరూ పుస్తకంలో ఎక్కించాలి. ఒకటి జారిందంటే మళ్లీ మొదటినుంచి నడక. తిట్టుకుంటూ మొదటికి వెళ్లాను. ఇరవై రెండో వ్యాగన్ దగ్గర ఆ అమ్మాయి మళ్లీ ఎదురొచ్చింది, మళ్లీ చూశాను, మళ్లీ లెక్క పోయింది.

మూడోసారి దారికి అడ్డంగా నిలబడ్డాను.

"ఇది యార్డా, గ్రౌండా?"

"తప్పుకో బాబూ, టైమైపోతంది," అని నన్ను చుట్టి వెళ్లిపోయింది.

పరుగు ముగిశాక తనే నా దగ్గరికి వచ్చింది, రొప్పుతూ, నడుం మీద చేతులు పెట్టుకుని.

"ఏటి, అడ్డంగా నిలబడ్డావ్?"

"నీవల్ల నా లెక్క రెండుసార్లు పోయింది."

"వ్యాగన్లు సూడాల్సినోడివి నన్నేల సూసినావ్?"

నేను పుస్తకం తెరుచుకుని మళ్లీ మొదటి వ్యాగన్ దగ్గరికి నడిచాను.

ఆ అమ్మాయి పేరు దేముడమ్మ. మా యార్డులో పట్టాలు మార్చి వ్యాగన్లు కలిపే పాయింట్స్‌మన్‌గా చేసే తవిటయ్య కూతురు. మల్కాపురంలో ఇల్లు. ఇంటర్ పాసై టైపు నేర్చుకుంటోంది. తెల్లారగానే తండ్రి డ్యూటీకి వచ్చే వేళకి తనూ వచ్చి, లోడు కోసం నిలబెట్టిన ఖాళీ వ్యాగన్ల పక్కన ఉన్న మట్టిదారిలో పరుగెత్తేది. తవిటయ్య చంకలో పచ్చజెండా, చేతిలో స్టాప్‌వాచీ పట్టుకుని చివర నిలబడేవాడు.

దూరం ఎలా కొలుస్తారని అడిగితే ఆయన నవ్వాడు.

"ఒక వ్యాగన్ పన్నెండు మీటర్లు. వరసకి యాభై వ్యాగన్లు. ఆరొందలు. అయిదుసార్లు ఆ సివర్నించి ఈ సివరకి పరుగెడితే మూడు వేలు. ఇంకేటి గావాల?"

సంతకం కూడా పెట్టలేని మనిషి అంత గబగబా లెక్క చెప్పేసరికి నాకు ముచ్చటేసింది. నంబర్లు రాసి జీతం తీసుకునేవాణ్ణి, నేనూ తలూపాను.

ఇది ఎనభై మూడు జనవరి సంగతి. నెల తిరక్కుండానే నేను తవిటయ్యని మావా అనడం, ఆయన నన్ను సూరీ అనడం అలవాటైపోయాయి. పూర్తి పేరు అప్పలసూరి. దేముడమ్మ మాత్రం "ఓ లెక్కలబాబూ" అనేది.

ఫిబ్రవరి ఆఖరి ఆదివారం రెండు పోటీలు పడ్డాయి, రెండూ ఒకే రోజున. ఒకటి అనకాపల్లిలో. మూడేళ్లుగా అక్కడ ఆమెదే మొదటి బహుమతి. ఇంట్లో మూడు స్టీలు బిందెలు ఉన్నాయి, నాలుగోది వచ్చినట్టే. రెండోది జంషెడ్‌పూర్‌లో. దేశం నలుమూలలనుంచీ వస్తారు. వాల్తేరులో ఎక్కి, ఖరగ్‌పూర్‌లో బండి మారి, టాటానగర్ స్టేషన్ దాకా, అంత దూరం వెళ్లాలి. పైగా అప్లికేషన్లో ఒక షరతు ఉంది. మూడు వేల మీటర్లు పది నిమిషాల నలభై అయిదు సెకండ్లలోపు పరుగెత్తినవాళ్లకే ప్రవేశం.

దేముడమ్మ టైము పదకొండు నలభై.

"అంత దూరం ఎల్లి ఆఖర్న రావడానికేనా?" అని తనే నవ్వేసింది. "అనకాపల్లే నయం. పొద్దున్నెల్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు."

నాకూ అదే నయం అనిపించింది. పాసింజరు బండిలో గంట ప్రయాణం. నేనూ వెళ్తాను, మా అమ్మ చేత పులిహోర కట్టించుకుంటాను, ఆమె పక్క సీటులో కూర్చుంటాను. ఇంతవరకూ మనసులో రాసిపెట్టుకున్నాను.

కానీ ఆ అప్లికేషన్‌ని ఆమె చింపెయ్యలేదు. టైపు పుస్తకంలో పెట్టుకుని తిరిగేది. ఎవరూ చూడడం లేదనుకున్నప్పుడు తీసి చదివేది. మడతల దగ్గర కాగితం నలిగిపోయింది. అది చూశాక ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు.

"వాచీ తప్పేమో," అన్నాను ఒకరోజు.

"వాచీ తప్పయితే నిమిషం తగ్గిపోద్దా?"

"అడిగితే పోయేదేటి?"

స్టాప్‌వాచీ జేబులో వేసుకుని మా ఊరి పాతబస్తీకి వెళ్లాను. గులాం మొహమ్మద్ గారిది వాచీలు బాగుచేసే కొట్టు. తవిటయ్యకి ఆ వాచీ ఇచ్చింది ఆయనే. విషయం చెప్పగానే ఆయన మొహం మాడిపోయింది. అయినా తన గోడ గడియారం పక్కన పెట్టి, అరగంట సేపు రెంటినీ చూస్తూ కూర్చున్నాడు. నాకు టీ తెప్పించాడు.

"అర సెకండు కూడా తేడా నేదు," అన్నాడు చివరికి. "ఓడ కెప్టెన్ దగ్గర కొన్న వాచీ బాబూ ఇది. దీన్ని అనుమానించినావ్, సరే. దూరం కొలిసినావా?"

"తవిటయ్య మావ కొలిచాడు."

"టేపు పెట్టా?"

"నోటితో."

"మరైతే జా, ముందు అది సూసుకో," అని వాచీ నా చేతిలో పెట్టి పంపేశాడు.

మర్నాడు డ్యూటీ దిగాక స్టోర్సులో స్టీలు టేపు అడిగి తెచ్చాను. ఒక వ్యాగన్ ఈ మూలనుంచి ఆ మూలకి కొలిచాను. పన్నెండు మీటర్లే. ఇంకోటి కొలిచాను, అదీ అంతే. మావ లెక్కలో తప్పులేదు. టేపు చుట్టేసి, ఆయన కనపడకపోతే "మావా" అని కేకేశాను.

"ఇక్కడే ఉన్నాను, ఉండు," అన్నాడు.

గొంతు నా పక్కనే వినిపించింది. నేను కొలిచిన రెండు వ్యాగన్ల మధ్యనుంచి, వ్యాగన్ల చివర ఒకదానికొకటి ఆనుకునే ఇనప బఫర్ల కింద వంగి, చేతులకి గ్రీజుతో తవిటయ్య బయటికొచ్చాడు. వ్యాగన్లు కలిపే గొలుసు బిగించి వస్తున్నాడు. "ఏటి?" అన్నాడు. "ఏం లేదు," అన్నాను. ఆయన వెళ్లిపోయాడు.

నేను ఆయన వచ్చిన చోటునే చూస్తూ నిలబడ్డాను. ఒక మనిషి నిలబడి పనిచేసుకునేంత చోటు అది. బఫరుకి బఫరు తగిలి రెండు వ్యాగన్ల మధ్య ఎప్పుడూ మిగిలే సందు. ఆమె ఆ సందుల పక్కనుంచి కూడా పరుగెడుతోంది. మేమెవరమూ దాన్ని లెక్కలో వెయ్యలేదు.

టేపు పెట్టాను. నాలుగు అడుగులు. యాభై వ్యాగన్లకి నలభై తొమ్మిది సందులు. ఒక వరుసకి దగ్గర దగ్గర అరవై మీటర్లు. అయిదు వరుసలకి మూడు వందలు.

అంటే పదకొండు నలభైలో ఆమె పరుగెత్తుతున్నది మూడు వేలు కాదు, మూడు వేల మూడు వందలు. పుస్తకం వెనకపేజీలో భాగించాను. మూడుసార్లు భాగించాను. మూడు వేలకి పది నిమిషాల ముప్పై ఆరు సెకండ్లు. అదీ కంకరా మట్టీ కలిసిన దారిలో, వరుస చివర నాలుగుసార్లు ఆగి వెనక్కి తిరిగి, తండ్రి చొక్కా వేసుకుని. ఇన్నాళ్లూ పక్కనుంచి చూస్తున్నాను, ఎంత గొప్పగా పరుగెడుతోందో నాకే తెలియలేదు. ఆమెకీ తెలియదు.

సంతోషం ఎంతసేపో నిలవలేదు. ఈ సంగతి తెలిసింది లోకంలో నా ఒక్కడికే. చెబితే జంషెడ్‌పూర్. అక్కడ బాగా పరుగెడితే ఇంకా దూరం. చెప్పకపోతే అనకాపల్లి, పాసింజరు, పులిహోర. అప్లికేషన్ పోస్టు చేయడానికి ఇంకా వారం గడువుంది.

మూడు రోజులు నోరు విప్పలేదు. ఆ మూడు రోజులూ నా పుస్తకంలో ఒక్క నంబరూ తప్పిపోలేదు, ఎందుకంటే ఆమె వైపు తలెత్తలేదు. నాలుగో రోజు పొద్దున్న ఆమే వచ్చి పుస్తకం లాక్కుంది.

"ఏటి లెక్కలబాబూ, నన్ను సూడకుండా వ్యాగన్లు సూత్తన్నావ్? ఒంట్లో బాగునేదా?"

చెప్పేశాను. సందులు, అడుగులు, మూడు వందల మీటర్లు అన్నీ. వెనకపేజీ తీసి చూపించాను. ఆమె వేలు పెట్టి ఒక్కో అంకె చదువుకుంది. చివరి అంకె దగ్గర వేలు ఆగిపోయింది.

"ఎప్పుడు తెల్సింది నీకు?"

"మూడు రోజులైంది."

"మూడు రోజులా?" ఆమె మొహం ఎర్రబడింది. "ఏల సెప్పనేదు?"

"అనకాపల్లి అయితే నానూ వద్దును. జంషెడ్‌పూర్ ఎల్తే నువ్వింక నా కంటికి కనపడవు. నాకు నువ్వంటే ఇష్టం. అందుకే సెప్పనేదు."

ఆ మాట అలా వచ్చేసింది. ఆమె పుస్తకం మూసింది.

"మరిప్పుడేల సెప్పినావ్?"

"నువ్వు పరిగెత్తిన దూరాన్ని దాసెయ్యడానికి నానెవుర్ని? తిండి కూడా సయించనేదు."

ఆమె పుస్తకం నా చేతిలో పెట్టి, "నాన్నా," అని కేకేస్తూ అటు పరుగెత్తింది.

తవిటయ్య విని పట్టా మీద కూలబడ్డాడు. "ముప్పై ఏళ్లు ఆ సందులోనే నిలబడ్డాను," అన్నాడు. "దాన్నే మర్సిపోనాను." ముందు నవ్వాడు. తర్వాత కండువాతో మొహం తుడుచుకున్నాడు.

మర్నాడు మద్దిలపాలెం దగ్గర ఒక కాలేజీ గ్రౌండుకి వెళ్లాం. సున్నపుగీతలు గీసిన నిజమైన ట్రాకు మీద ఆమె నిలబడడం అదే మొదలు. అక్కడి డ్రిల్లు మాస్టారు తన వాచీతో చూశారు. పది ముప్పై మూడు. ఆయన అప్లికేషన్ మీద సంతకం చేసి, మళ్లీ వాచీ వైపు చూసుకున్నారు.

ప్రయాణం రోజు పొద్దున్న వాల్తేరు స్టేషన్లో తండ్రీ కూతుళ్లతో పాటు నేనూ ఎక్కాను. "ఇజీనారం దాకా వచ్చి దిగిపోతాను," అన్నాను. విజయనగరం వచ్చింది. దిగలేదు. దేముడమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వు ఆపుకుంటోంది. పలాసలో జీడిపప్పు కొన్నాను, మళ్లీ వచ్చి కూర్చున్నాను. బరంపురం కూడా దాటాక, కళ్లు మూసుకుని ఉన్న తవిటయ్య కళ్లు తెరవకుండానే అడిగాడు.

"సూరీ, టికెట్టు ఎందాకా ఉంది?"

"టాటానగర్ దాకా, మావా. ఆరు రోజులు సెలవు కూడా పెట్టినాను."

"మరైతే ఆ జీడిపప్పు ఇలా తే," అన్నాడు.

ఆ ఆదివారం పోటీలో పద్నాలుగు మంది ఉన్నారు. తన ముందు ఇంకొకరు పరుగెత్తడం దేముడమ్మ ఎప్పుడూ చూసి ఎరగదు. అనకాపల్లిలో ఎప్పుడూ తనే ముందు. ఇక్కడ నలుగురు ముందున్నారు. బెదిరిపోతుందనుకున్నాను. లేదు, వాళ్ల వీపుల మీదే చూపు పెట్టి చివరి రౌండు పరుగెత్తిన తీరు నా కళ్లలో ఇంకా ఉంది. అయిదో స్థానం, పది నిమిషాల ఇరవై ఒక్క సెకండ్లు. మొదటి ఆరుగురినీ పంజాబ్‌లో శిక్షణకి రమ్మన్నారు. ఆరు నెలలు.

గడ్డిలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ ఆమె అడిగింది.

"పంజాబ్ ఎంత దూరం, సూరీ?"

లెక్కలబాబూ అనలేదు. అది నేను గమనించాను.

"రెండు రాత్రులు, రెండు పగళ్లు. ఢిల్లీలో బండి మారాల."

"అంత దూరం ఎల్లమంటావా?"

"ఎల్లు. నాను ఉంటాను."

తవిటయ్య గొంతు సవరించుకున్నాడు. "నానూ ఈడూ యార్డులోనే ఉంటాం. నాకో ఉత్తరం రాయి, ఆడికో ఉత్తరం రాయి. ఒచ్చినాక మిగతా సంగతి సూద్దాం."

ఆయనకి చదవడం రాదు కాబట్టి ఆ ఆరు నెలలూ రెండు ఉత్తరాలూ నేనే చదివేవాణ్ణి. డ్యూటీ మధ్యలో టీ తాగుతూ వినేవాడు. నాది కూడా చదవమనేవాడు. సిగ్గేసి కొన్ని మాటలు మింగేసేవాణ్ణి, ఆయనా పట్టించుకునేవాడు కాదు. జులైలో మాత్రం ఒక్క ఉత్తరమే, ఆయన పేరున వచ్చింది. అందులో ఇలా ఉంది. "నాన్నా, ఇప్పుడు పది నిమిషాల లోపే పరుగెడుతున్నాను. ఇక్కడినుంచి ఇంకా దూరం పంపుతారట. ఎక్కడికి పంపినా వెళ్తాను. ముందు నాకూ సూరికీ పెళ్లి చేసేయి."

నేను చదవడం ఆపేశాను. తవిటయ్య గ్లాసు కింద పెట్టాడు.

"ఆ ఆఖరి ముక్క మళ్లీ సదువు," అన్నాడు.

మళ్లీ చదివాను, ఈసారి గట్టిగా.